మారథాన్ ట్రైనింగ్‌లో జీపీఎస్ వాచీ: రెండేళ్లు వాడాక

ఈ వాచీ కొని రెండేళ్లు దాటింది. దీంతో హాఫ్ మారథాన్లు పరుగెత్తాను, ఇప్పుడు మొదటి ఫుల్‌కి సిద్ధమవుతున్నాను. రేసుకి ఇంకా మూడు వారాలే ఉంది. రేసు ముందు పరుగు తగ్గించుకునే టేపర్ మొదలై కిలోమీటర్లు తగ్గాయి కాబట్టి రాయడానికి తీరిక దొరికింది. ఏ కంపెనీదో చెప్పడం లేదు. మణికట్టు దగ్గర హార్ట్ రేట్ చూపించే రన్నింగ్ వాచీ ఏదైనా, నేను రాసేవాటిలో చాలా భాగం దానికీ వర్తిస్తుంది.

ఇది కొలతలు బాగానే తీస్తుంది. జోస్యం చెప్పడం మొదలుపెట్టిందంటే మాత్రం నమ్మను.

నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఈజీ రన్లలో. మారథాన్ ప్లాన్ ఏది తీసుకున్నా వారంలో ఎక్కువ కిలోమీటర్లు మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నిదానంగా వెళ్లమంటుంది. వినడానికి తేలికే. పక్కనుంచి ఎవరైనా దాటిపోతే మాత్రం కాళ్లు మన మాట వినవు. అందుకే హార్ట్ రేట్ 145 దాటగానే వైబ్రేట్ అయ్యేలా అలర్ట్ పెట్టుకున్నాను. మొదట్లో ఒకటే చిరాకు. కాస్త ఎత్తు వచ్చినా చెయ్యి గుర్రుమనేది, నడవాల్సి వచ్చేది. కొన్ని నెలలు పోయాక అదే 145 లోపు కిలోమీటరుకి 7:40 నిమిషాలున్న పేస్ (వేగం) 6:50కి వచ్చింది. లాంగ్ రన్ రెండో సగంలో, పేస్ మారకుండానే హార్ట్ రేట్ పైకి పాకడం కూడా తగ్గింది. ట్రైనింగ్ ఒంటికి పడుతోందని చెప్పడానికి నేను చూసుకునేవి ఈ రెండే. ఎండ రోజుని చల్లటి రోజుతో మాత్రం పోల్చకూడదు. ఒంటిని చల్లబరచడానికి చర్మం వైపు కూడా రక్తం పంపాలి కాబట్టి ఎండలో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది.

ఆ 145 వాచీ ఇచ్చిన అంకె కాదు. నా వాచీ జోన్లని, అంటే తేలిక నుంచి కష్టం దాకా హార్ట్ రేట్ మెట్లని, 220లోంచి వయసు తీసేస్తే వచ్చే గరిష్ఠ హార్ట్ రేట్‌ని బట్టి వేసింది. ఆ లెక్క సగటుకి సరిపోతుందేమో గానీ, ఒక్కో మనిషికీ పది పన్నెండు బీట్లు అటూ ఇటూ ఉండటం మామూలే. ఊపిరి ఆడనంత గట్టిగా పరుగెత్తిన రేసు చివర్లో వచ్చిన అంకె చూసి జోన్లన్నీ మార్చుకున్నాను.

ఇక సెన్సర్ సంగతి. వాచీ అడుగున ఉన్న ఆకుపచ్చ లైటు చర్మంలోకి పడి, రక్తం కదలికతో మారుతూ తిరిగొచ్చే వెలుతురుని చదువుతుంది. ఒకే వేగంతో పోతున్నంతసేపూ ఇబ్బంది లేదు. చలి ఉదయాల్లో మొదటి పది నిమిషాలు మాత్రం దారుణం. చర్మంలో రక్తనాళాలు ముడుచుకుని సిగ్నల్ బలహీనపడుతుంది, వాచీ గుండెని వదిలేసి అడుగులు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. హాయిగా కబుర్లు చెప్పుకుంటూ వెళ్తుంటే 170 చూపిస్తుంది! దీన్నే కేడెన్స్ లాక్ అంటారు, కేడెన్స్ అంటే నిమిషానికి పడే అడుగులు. హార్ట్ రేట్, కేడెన్స్ ఒకే స్క్రీన్ మీద పెట్టుకుంటే వెంటనే దొరికిపోతుంది, రెండంకెలూ ఒకదాని వెంట ఒకటి నడుస్తుంటాయి. మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైన బిగించి కడితే కొంత నయం. ఇంటర్వెల్స్‌కి, అంటే మధ్యలో ఆగుతూ గట్టిగా పరుగెత్తే చిన్న చిన్న పరుగులకి, అదీ చాలదు. 400 మీటర్లు అయిపోయే సమయానికి గానీ అంకె పెరగదు. ఆ రోజుల్లో గుండె విద్యుత్ సంకేతాల్నే పట్టుకునే ఛాతీ స్ట్రాప్ వాడతాను. కట్టుకునేముందు దాని ప్యాడ్లు తడపాలి, లాంగ్ రన్‌లో చర్మం ఒరుసుకుపోతుంది, అయినా అంకె నమ్మకంగా ఉంటుంది.

జోస్యాల దగ్గరికొస్తే, వాచీ చూపించే వీఓటూ మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే అంకె) పేస్‌నీ హార్ట్ రేట్‌నీ కలిపి వేసే అంచనా. కేడెన్స్ లాక్ పడిన రోజు అది పడిపోతుంది, పైగా ట్రైనింగ్ ఫలితం ఇవ్వడం లేదని మెసేజ్ ఒకటి. మా బాగా చెప్పొచ్చింది! ఫుల్‌కి నాకు 3:48 గంటలు వస్తుందని కూడా అంటోంది. నా హాఫ్ టైమ్ రెండు గంటలు. రేసు టైమ్‌లు అంచనా వేయడానికి ఇంజినీర్ పీటర్ రీగెల్ 1977లో ఇచ్చిన సూత్రం ప్రకారం దూరం రెట్టింపైతే టైమ్ దాదాపు 2.085 రెట్లవుతుంది, అంటే 4:10. కిలోమీటర్లు సరిపడా చేసినవాళ్లకే అదైనా. నేను 4:10కే ప్లాన్ చేసుకుంటున్నాను.

4:10 అంటే కిలోమీటరుకి 5:55. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. రేసు దారిని మలుపుల్లో అతి దగ్గర గీత మీద కొలుస్తారు, తక్కువ పడకుండా కిలోమీటరుకి ఒక మీటరు కలుపుతారు. మనం జనాన్ని తప్పించుకుంటూ అటూ ఇటూ పోతాం, దానికి తోడు జీపీఎస్ తేడా. 42.195కి బదులు వాచీలో 42.6 పడిందనుకోండి, దాని పేస్ ప్రకారం 5:55 తప్పకుండా పరుగెత్తినా రెండు నిమిషాలకి పైగా ఆలస్యమవుతుంది. అందుకే రేసులో, వాచీ తన లెక్కలో కిలోమీటరు పూర్తవగానే టైమ్ నమోదు చేసే ఆటో లాప్ ఆపేసి, ప్రతి కిలోమీటరు బోర్డు దగ్గరా లాప్ బటన్ నొక్కుతాను. కొనేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది కూడా ఇదే: బటన్లున్న వాచీ తీసుకోండి. చెమట చేతులకి టచ్ స్క్రీన్ లొంగదు.

బ్యాటరీ కొత్తలో ఉన్నంత లేదు, పాటలు పెట్టకపోతే నాలుగైదు గంటలు పరుగెత్తినా ఢోకా లేదు. పట్టీ ఒకసారి మార్చాను. ఈమధ్య సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి వచ్చి కూర్చుంది, రేసు అయ్యేదాకా దాని జోలికి పోను.