చెమట పట్టిందట, అందుకే డబ్బులివ్వరట! 'వాపు తగ్గించే' వాకింగ్ గ్లోవ్స్ కొనేవాళ్ళు జాగ్రత్త

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను, మాటలు అటూ ఇటూ అయితే ఏమనుకోకండి. వేగంగా నడిచినా, కాసేపు పరిగెత్తినా వేళ్ళు ఉబ్బిపోయి తిమ్మిరెక్కేవాళ్ళు నాలాగా చాలామందే ఉంటారు. మీ ఫోన్‌లోనూ ఆ ప్రకటన తిరుగుతూనే ఉంటుంది. ఒకవైపు ఎర్రగా ఉబ్బిన చెయ్యి, ఇంకోవైపు నల్ల గ్లోవ్ తొడుక్కున్న నాజూకైన చెయ్యి, కింద పెద్ద అక్షరాల్లో 'రక్తప్రసరణ రెట్టింపు'. ఆ, వాళ్ళే. పేరు చెప్పక్కర్లేదు, చూడగానే గుర్తుపడతారు.

నాకు నడిచేటప్పుడు చేతులు ఉబ్బడం ఎప్పట్నుంచో ఉన్నదే. పిడికిలి బిగిద్దామంటే వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, ఉంగరం కదలదు. ఇంటికొచ్చి కాసేపు కూర్చుంటే దానంతటదే సర్దుకునేది. మరి ఆమాత్రం దానికి గ్లోవ్స్ ఎందుకు కొన్నట్టు అంటారా? రివ్యూలు చూసి! అన్నిట్లోనూ ఒకే పొగడ్త, ఒకే అచ్చుతప్పు ఉన్నాయని ఇప్పుడు కనిపిస్తోంది. అప్పుడు నా కళ్ళకేం అడ్డొచ్చిందో మరి.

సరుకు వచ్చింది. అరచెయ్యంతా బిగుతుగా పట్టేసే గుడ్డ, మణికట్టు చుట్టూ వెల్క్రో పట్టీ, వేళ్ళేమో బయటికి. పట్టీ ఎంత బిగిస్తే అంత ఫలితమని లోపల ఒక చీటీ. సరేనని గట్టిగా బిగించి బయల్దేరాను. కొంతదూరం వెళ్ళేసరికి వేళ్ళ మీద చర్మం నిగనిగలాడుతూ, కణుపుల దగ్గర ముడతలు కూడా కనిపించనంతగా ఉబ్బిపోయింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారిపోయాయి. ఫోన్ పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియలేదు. పట్టీ విప్పి చూస్తే మణికట్టు చుట్టూ గాడి. ఇక ఉంగరం సంగతి చెప్పక్కర్లేదు. చెయ్యి పైకెత్తి పట్టుకుని, సబ్బు రాసి, మెల్లగా తిప్పుతూ తిప్పుతూ లాగేసరికి తాతలు దిగొచ్చారు.

ఫొటోలు తీసి వాళ్ళకి పంపాను. వచ్చిన జవాబు చూడండి: "అది మంచి లక్షణమేనండీ. లోపల పేరుకున్న నీరు కదులుతోంది. పట్టీ ఇంకొంచెం బిగించండి."

ఇంకొంచెం బిగించాలట!

మీ వైద్యం నాకొద్దు మహాప్రభో, సరుకు తీసుకుని డబ్బులిచ్చెయ్యండి అన్నాను. నచ్చకపోతే పూర్తి డబ్బు వాపసు అని ప్రకటనలో మెరుస్తున్న అక్షరాలతో రాసింది వాళ్ళే కదా. దానికి జవాబు: "మీరు పంపిన ఫొటోలో గ్లోవ్ మీద చెమట మరక కనిపిస్తోంది. చెమట పట్టిన సరుకు వాపసు తీసుకోము." వ్యాయామానికని అమ్మిన గ్లోవ్ అండీ అది! చెమట పట్టకుండా ఎలా వాడాలో? ఫ్యాన్ కింద కూర్చుని చేతులకి తొడుక్కుని మురిసిపోవాలేమో.

ఫోన్ చేస్తే ఇంకా ఘోరం. అవతల మనిషి నేను చెప్పేదంతా తాపీగా విని, "ఇంతమంది వాడుతున్నారు, ఎవరికీ రాని ఇబ్బంది మీకే వచ్చిందంటే తేడా గ్లోవ్‌లో లేదండీ, మీ చేతిలో ఉంది" అని నవ్వాడు. పక్కన ఇంకెవరో కూడా నవ్వడం వినిపించింది. పోయిన డబ్బుల కన్నా ఆ నవ్వే నన్ను తినేస్తోంది. తర్వాత నా నంబరే బ్లాక్ చేశారు. నేను రాసిన రివ్యూ కనిపించకుండా పోయింది.

మర్నాటికీ తిమ్మిరి పూర్తిగా వదలకపోయేసరికి టెన్షన్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. గ్లోవ్ చూడగానే ఆయన తల పట్టుకున్నారు. నడిచేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోవడానికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. చేతులేమో కిందికి వేలాడుతూ ఊగుతుంటాయి, అందుకని వేళ్ళు ఉబ్బుతాయి. చాలామందికి ఇది మామూలేనట. ఇక పట్టీ చేసిన ఘనకార్యం ఏమిటంటే, రక్తాన్ని చేతికి తెచ్చే ధమనుల్లో ఒత్తిడి ఎక్కువ, వెనక్కి తీసుకెళ్ళే సిరల్లో తక్కువ. బిగించగానే ముందు నొక్కుకుపోయేవి సిరలే. అంటే రాకపోకల్లో పోకని ఆపేసి రాకని మాత్రం ఉంచారన్నమాట. ప్రసరణ రెట్టింపు అంటే ఇదేనేమో! పైగా మణికట్టు మధ్యలోంచి వెళ్ళే నరం మీద ఆ పట్టీ నొక్కుతుండటం వల్లే సరిగ్గా ఆ మూడు వేళ్ళూ మొద్దుబారాయట.

అన్నట్టు, సైకిల్ తొక్కేవాళ్ళకి వీళ్ళే జెల్ గ్లోవ్స్ కూడా అంటగడుతున్నారు. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతుంటే అది వేరే నరం, అరచేతి అంచు హ్యాండిల్ మీద ఆనడం వల్ల నొక్కుకుంటుంది. ముందు చేతులు పెట్టే చోటు మారుస్తూ ఉండండి. సీటు ముందుకి వాలిపోయి మీ బరువంతా చేతుల మీద పడుతోందేమో చూసుకోండి. గ్లోవ్స్ సంగతి ఆ తర్వాత.

నడిచేవాళ్ళు ఉంగరాలు ఇంట్లో తీసిపెట్టి, వాచీ పట్టీ వదులు చేసుకుని బయల్దేరండి. మధ్యమధ్యలో చేతులు పైకెత్తండి, పిడికిలి బిగించి వదలండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక్క చెయ్యే ఉబ్బి, నొప్పి పెట్టి, రంగు నీలంగా మారితే మాత్రం ఏ గ్లోవ్ కోసమూ వెతక్కుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. గంటల తరబడి పరిగెడుతూ నీళ్ళు మరీ ఎక్కువ తాగేవాళ్ళకి వాపుతో పాటు తలనొప్పి, వాంతులు, తికమక మొదలైనా అంతే. ఒంట్లో సోడియం పడిపోయిందేమో చూపించుకోవాలి.

చాట్ స్క్రీన్‌షాట్లన్నీ నా దగ్గర ఉన్నాయి, బ్యాంకులో ఫిర్యాదు కూడా పెట్టాను. వాళ్ళ నుంచి డబ్బులు రాబట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా రాబట్టారో కాస్త చెప్పండి.