తేలినీలాపురంలో గూళ్ల లెక్క: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

శ్రీకాకుళం జిల్లాలో వలస పక్షులు గూళ్లు కట్టే ఊళ్లు తేలినీలాపురం, తేలుకుంచి రెండూ ఒకే ట్రిప్పులో చూసేద్దామనుకుంటే ఎక్కువ నెలల్లో ఏదో ఒకచోట ఖాళీ చెట్లే కనిపిస్తాయి. తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరికి వచ్చి, చలికాలం మొదలయ్యేసరికి పిల్లలతో వెళ్లిపోతాయి. తేలినీలాపురానికి గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్కులు (రంగుల కొంగలు) సెప్టెంబరు తర్వాత దిగి మార్చి దాకా ఉంటాయి. ఒక్కటే చూడగలిగితే తేలినీలాపురానికే, అదీ డిసెంబరు, జనవరిల్లో వెళ్లండి.

వాచ్ టవర్ ఫొటోలకు బాగుంటుంది, గూళ్ల లెక్కకు కాదు. ఎత్తు నుంచి చూస్తే వెనక కొమ్మల గూళ్లు ముందువాటిలో కలిసిపోతాయి. చెట్టుకో నంబరిచ్చి, ఎండ వీపున పడేలా నిలబడి, రెండు వైపుల నుంచీ చూడాలి. ఎనిమిది రెట్ల బైనాక్యులర్ సరిపోతుంది. గూడబాతులు పక్కపక్కనే ఆనించి కట్టుకుంటాయి కాబట్టి రెండు గూళ్లు ఒకటిగా కనిపిస్తాయి. ఇద్దరు విడివిడిగా లెక్కించి, తేడా ఎక్కువ వస్తే ఆ చెట్టును మళ్లీ చూడాలి.

లెక్కించాల్సింది గూళ్లని, పక్షుల్ని కాదు. పిల్లలు ఎదిగాక తల్లీతండ్రీ ఇద్దరూ మేతకు పోతారు. పెద్దపక్షుల్నే లెక్కిస్తే సగం జంటలు మాయమైనట్టు వస్తుంది. జంటలన్నీ ఒకేసారి గుడ్లు పెట్టవు, అందుకే నెల తర్వాత రెండో లెక్క తప్పదు.

చెట్ల కింద పడిన పిల్లల్నీ, చనిపోయిన పక్షుల్నీ రాసుకోండి, ముట్టుకోవద్దు. అటవీ సిబ్బందికి చెప్పండి. 2021-22 శీతాకాలంలో ఇక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. కారణం కడుపులో నులిపురుగులు. చేపల ద్వారా వచ్చే జబ్బు కాబట్టి, చుట్టుపక్కల చెరువుల్ని వదిలేసి చెట్లను మాత్రమే కాపాడితే సరిపోదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో గూడబాతు ముప్పుకు దగ్గరలో ఉన్న జాతి, పైగా గూళ్లన్నీ ఊళ్లో చెట్ల మీదే. ఊరివాళ్లు వీటిని శుభంగా భావించి కాపాడుకుంటున్నారు; కేకలు, టపాసులు, డ్రోన్లు వద్దు. పెద్దపక్షి ఉలిక్కిపడి లేస్తే గుడ్లు కాకుల పాలు.

బసకు శ్రీకాకుళంలో గదులు మెరుగే, కానీ తెల్లవారేసరికి చెట్ల కిందికి చేరాలంటే టెక్కలే నయం. రైలుకు నౌపడ దగ్గర; ఎక్స్‌ప్రెస్‌లకు పలాస చూసుకోండి. ఊళ్లో తిండి దొరుకుతుందని నమ్ముకోవద్దు, టిఫిను కట్టించుకోండి. తేలుకుంచికైతే ఇచ్ఛాపురంలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. మంచి హోటల్ కావాలంటే ఒడిశాలోని బరంపురం వెళ్లాల్సిందే.