సెకండ్ హ్యాండ్ బీఎస్6 డీజిల్ కారా? స్కానర్ పెట్టించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల డీజిల్ బండి కోసం తిరుగుతున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. నాకు ముందే చెప్పే దిక్కు లేక ముప్పై వేలు వదిలాయి, అదీ తక్కువలో బయటపడ్డాను కాబట్టి.

మార్చిలో కొన్నాను. 2020 చివర్లో రిజిస్టరైన ఎస్‌యూవీ, రీడింగ్ 46 వేలు, సింగిల్ ఓనర్, డాక్టరుగారి బండి. (డాక్టరుగారిది కాని బండి మన ఊరి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఉండదని తర్వాత తెలిసింది.) బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కి దిగాను, అంతే టెస్ట్ డ్రైవ్. ఏసీ బాగుంది, మీటర్‌లో ఒక్క లైటు కూడా వెలగలేదు. ఎవరో చెప్పారని కర్చీఫ్ చుట్టిన వేలు సైలెన్సర్ గొట్టంలో పెట్టి తిప్పాను. తెల్లగా వచ్చింది. "వెన్నపూసండీ గురువుగారూ, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు అమ్మిన డీలరు. మూసుకునే తెచ్చాను.

గొట్టం శుభ్రంగా ఉందంటే లోపల డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) పీకేయలేదని మాత్రమే అర్థం. అది ఎంత మసి మింగి కూర్చుందో గొట్టం చెప్పదు.

మాది పటమట, షాపు గవర్నర్‌పేటలో. రోజూ అదే దూరం, అదే ట్రాఫిక్. రెండో వారం నుంచి ఇంటి ముందు ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ హోరుమని తిరుగుతూనే ఉండేది. బండి కింద నుంచి కాలిన వాసన. మైలేజీ పదహారు నుంచి పదకొండుకి పడింది. ఎండలు ముదిరాయి కదా, ఏసీ ఎఫెక్ట్ అనుకున్నాను. ఒకరోజు గుంటూరు బయల్దేరి వారధి దాటాను, మంగళగిరి దాటాను, కాజ టోల్ దగ్గరికొచ్చేసరికి ఆరెంజ్ లైటు వెలిగింది. తర్వాత ఎంత తొక్కినా నలభై దాటదు. వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తోలించాను. ఆయన ముందు స్కానర్ (బండి కంప్యూటర్‌ని చదివే మెషీన్) జోలికి పోలేదు. డిప్‌స్టిక్ లాగాడు. ఆయిల్ పైగీతకి వేలెడు పైన ఉంది. రెండు చుక్కలు బొటనవేలి మీద రుద్ది నా ముక్కు దగ్గర పెట్టి, "ఇది ఆయిలా డీజిలా, మీరే చెప్పండి బాబూ" అన్నాడు. నీళ్లలా జారుతోంది, వాసన పెట్రోల్ బంకులో వచ్చేదే.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకి పొగ గొట్టం దారిలో తేనెపట్టులాంటి ఫిల్టర్ తప్పనిసరి అయిపోయింది. అది మసిని పట్టుకుంటుంది, నిండుతున్నప్పుడు ఇంజనే అదనంగా డీజిల్ కొట్టి, దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టించి కాల్చేస్తుంది. దానికి హైవే మీద ఆగకుండా పదిహేను, ఇరవై నిమిషాలు కావాలి. మధ్యలో ఆపితే కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. ఇంటి ముందు ఫ్యాన్ హోరు అదే. పాపం అది కాల్చుకుంటుంటే నేను రోజూ తాళం తీసేస్తున్నాను.

అయితే మూడు వారాల్లో ఫిల్టర్ అంతగా మూసుకుపోదుగా? అప్పుడు స్కానర్ పెట్టాడు. ఎర్రర్ కోడ్లు చివరిసారి చెరిపాక బండి ఎంత తిరిగిందో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. 412 కిలోమీటర్లు. నేను కొన్నాక తిరిగింది 390. అంటే నా చేతికి రావడానికి కాస్త ముందే కోడ్లు చెరిపి లైటు ఆర్పారు, మిగతాది మీరే లెక్కేసుకోండి. మసి పూసి మారేడుకాయ చెయ్యడం విన్నాం, వీడు లైటు తుడిచి చేశాడు.

ఆ డీలరుకి ఫోన్ చేస్తే, "డీజిల్ బండికి మామూలే గురువుగారూ, హైవే మీద ఓసారి గట్టిగా తొక్కండి" అన్నాడు. ఇంత నిండాక కంప్యూటర్ కాల్చడానికే ఒప్పుకోదు. ఒకవేళ ఒకేసారి అంటుకుంటే ఫిల్టర్ పగిలిపోతుంది. సేల్ కాగితంలో "ఉన్నది ఉన్నట్టుగా" అని ఉంది, నా సంతకమూ ఉంది.

ఇంకో షెడ్‌లో ఒకడు పైసా వద్దన్నాడు. లోపలిది కోసేసి, కంప్యూటర్లో ప్రోగ్రామ్ మార్చేస్తాడట, "తీసింది మాత్రం మాకే వదిలేయండి" అన్నాడు. ఆ ఫిల్టర్ పూతలో ప్లాటినం, పల్లాడియం ఉంటాయి, ఉచితం ఎందుకో అక్కడే తెలిసిపోయింది. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చినదాన్ని అలా మార్చడం కుదరదు.

చివరికి ఫిల్టర్ విప్పి మెషీన్ మీద శుభ్రం చేయించాను. మసి కాలుతుంది గానీ ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, దాన్ని విప్పి దులపాల్సిందే. పనికి ముందూ తర్వాతా తూకం వేసి చూపించమనండి. యాసిడ్ పోస్తాం, ప్రెషర్ పంపు కొడతాం అనేవాడి దగ్గర వదలకండి. ఆయిల్ మొత్తం మార్చాను, ఈసారి మాన్యువల్లో రాసిన తక్కువ బూడిద రకమే. కొత్త ఫిల్టర్ అయితే లక్షా ముప్పై వేలు చెప్పారు.

కాబట్టి కొనేముందు మీ మెకానిక్‌ని, ఆయన స్కానర్‌ని వెంట తీసుకెళ్లండి. కోడ్లు చెరిపాక తిరిగిన దూరం బండి సాకెట్లో గుచ్చే చిన్న బ్లూటూత్ ముక్కతో ఫోన్లో కూడా కనపడుతుంది. మసి, బూడిద లెక్కలు, చివరిసారి ఎప్పుడు కాల్చుకుందీ చూడాలంటే పెద్ద స్కానర్ కావాలి. ఆ లెక్కలు సున్నా దగ్గరుంటే మురిసిపోకండి, "కొత్త ఫిల్టర్ వేశాం" అని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పే ఆప్షన్ కూడా ఉంది. ఫిల్టర్‌కి ముందూ వెనకా ఉండే ప్రెషర్ తేడా మాత్రం, సెన్సార్ గొట్టాలు సరిగా ఉంటే, అబద్ధమాడదు. రేస్ ఇచ్చి చూడమనండి. డిప్‌స్టిక్ మీరే లాగండి. టెస్ట్ డ్రైవ్ గన్నవరం దాకా పోనివ్వండి, డీజిల్ డబ్బులు మీరే ఇస్తానన్నా వాడు ఒప్పుకోకపోతే ఇక ఆ బండి వద్దు. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, ఆ కాగితం అడగండి. నేను అడగలేదు. ఇప్పుడు 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టాను, స్కానర్ ప్రింటు జత చేసి.

రోజుకి పది కిలోమీటర్లు తిరిగే నాలాంటివాడు అసలు డీజిల్ ఎందుకు కొన్నాడని మా ఆవిడ అడుగుతోంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి వస్తున్నాను. బండి చూడ్డానికి తోడు కావాలంటే ఆ దారిలో ఆగుతాను, బ్లూటూత్ ముక్క నా దగ్గర ఉంది. టిఫిన్ మీది.