జాగ్రత్త! వినైల్ కేప్ జావా కొంటున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

స్టార్ వార్స్ సినిమాల మీద కెన్నర్ కంపెనీ చేసిన పాత బొమ్మలు సేకరించే మన తెలుగువాళ్ళందరికీ, ముఖ్యంగా ఒహాయో, ఇండియానా, కెంటకీ వైపు ఉన్నవాళ్ళకి ఈ సంగతి వెంటనే తెలియాలని రాస్తున్నాను. నా 940 డాలర్లు పోయాయి. అవిక తిరిగి రావు. మీవి పోకూడదు.

నేను సిన్సినాటి దగ్గర పదకొండేళ్ళుగా ఉంటున్నాను. కెన్నర్ కంపెనీ పుట్టిన ఊరు ఇదే. ఆ పేరు కూడా ఇక్కడి కెన్నర్ వీధి నుంచే వచ్చింది. ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చానన్నది నిజమే కానీ, ఆఫర్ లెటర్ మీద ఊరి పేరు చూసి నేను సంబరపడింది మాత్రం ఆ బొమ్మల వల్లే. 1978లో దుకాణాలకు వచ్చిన మొదటి 12 బొమ్మలూ నా దగ్గర ఉన్నాయి, అన్నీ విడివి, అట్ట లేనివి. ఒక్కొక్కటీ ఏళ్ళ తరబడి చూసి చూసి కొన్నవి. లేనిదల్లా వినైల్ కేప్ వేసుకున్న జావా.

కొత్తవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. జావాలంటే ఎడారిలో పాత ఇనుము, చెడిపోయిన రోబోలు ఏరుకుని అమ్ముకునే పొట్టివాళ్ళు. ముసుగులో రెండు పసుప్పచ్చ కళ్ళు తప్ప ఏమీ కనపడవు. మామూలు బొమ్మలు 3¾ అంగుళాలుంటే ఇది రెండుంపావే. కెన్నర్ మొదట దీనికి పల్చటి వినైల్ కేప్, అంటే ప్లాస్టిక్ పైవస్త్రం, తొడిగింది. బొమ్మ అంత చిన్నదై, పైన ఆ ప్లాస్టిక్ ముక్క ఒక్కటే ఉంటే, అదే ధర పెట్టి కొనేవాళ్ళకి వెలితిగా ఉంటుందనుకుని కొద్ది కాలానికే గుడ్డ కోటుకి మార్చింది. గుడ్డ కోటు జావాలు కావలసినన్ని దొరుకుతాయి. వినైల్‌వి తక్కువ. అందుకే గుడ్డ కోటుదానికి కొన్ని పదుల డాలర్లయితే వినైల్‌దానికి వందలు, బాగుంటే వేలు. రెండింటికీ తేడా ఆ పైన కేప్ ఒక్కటే. మోసం చేసేవాడికి అంతకంటే ఏం కావాలి?

నాకు జావాయే ఎందుకంటే దానికో కారణం ఉంది. చిన్నప్పుడు సెలవులకి కాకినాడ వెళితే మా పెద్దమ్మగారబ్బాయి వీడియో క్యాసెట్ అద్దెకి తెచ్చి స్టార్ వార్స్ సినిమా పెట్టాడు. అన్నయ్యకి ఇంగ్లీషు వచ్చు, నవ్వాల్సిన చోట నవ్వుతున్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు. అంతలో జావాలొచ్చాయి. గబగబా ఏదో అరుస్తున్నాయి. అన్నయ్య వైపు చూస్తే వాడికీ అర్థం కావట్లేదు! ఆ కాసేపు ఆ గదిలో అందరం ఒకటే. ఆ మాటలకి సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ ఆఫ్రికాలోని జులు భాషని ఆధారంగా తీసుకుని, వేగం పెంచి చేశారని పెద్దయ్యాక తెలిసింది. అప్పటి నుంచీ ఆ పొట్టివాళ్ళు నా మనుషులైపోయారు.

ఇక జరిగింది. మొన్న ఏప్రిల్‌లో ఒకతను నాకు మెసేజ్ పెట్టాడు. తెలుగతనే. ఒక తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో నా నంబరు చూశానన్నాడు. మాట మర్యాదగా ఉంది. మొదటి రోజు "మేడమ్", రెండో రోజుకి "అక్కా". వాళ్ళ పక్కింటి పెద్దాయన కెన్నర్‌లో పనిచేశాడట, ఆయన పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ ఒక షూ పెట్టె ఇతనికి ఇచ్చారట, అందులో వినైల్ కేప్ జావా ఉందట.

ఇక్కడే నేను పడిపోయాను. ఎందుకంటే ఈ ఊళ్ళో ఇలాంటివి నిజంగానే జరిగాయి. తర్వాత కెన్నర్‌ని తనలో కలుపుకున్న హాస్‌బ్రో కంపెనీ 2000లో ఇక్కడి ఆఫీసు మూసేసింది. కెన్నర్‌లో పనిచేసినవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ళ అటకల మీంచి అచ్చులు, మార్కెట్లోకి రాని నమూనా బొమ్మలు బయటికొచ్చిన మాట వాస్తవం. కాబట్టి అతను చెప్పింది నమ్మదగ్గ కథే. నమ్మదగ్గ కథ కాబట్టే దాన్ని ఎంచుకున్నాడు.

ఫొటోలు నాలుగు పంపాడు. ఆకుపచ్చ దుప్పటి, దాని మీద తెల్ల పూలు, మధ్యలో జావా. కాళ్ళ వెనక ముద్ర చూపించమన్నాను, చూపించాడు. జి.ఎం.ఎఫ్.జి.ఐ. (అప్పటి కెన్నర్ మాతృసంస్థ పేరుకి పొడి అక్షరాలు), 1977, హాంకాంగ్. అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. కేప్ కింది అంచు దగ్గరగా తీసి పంపమంటే "ఫోన్ కెమెరా సరిగ్గా లేదక్కా, మీరొచ్చి చూసుకోండి కావాలంటే, కానీ రేపు ఇంకొకాయన వస్తున్నాడు" అన్నాడు. డబ్బు పేపాల్‌లో గూడ్స్ అండ్ సర్వీసెస్ కింద, అంటే వస్తువు కొన్నట్టు చూపించే పద్ధతిలో, పంపుతానన్నాను. "మనలో మనకి అవన్నీ ఎందుకక్కా? ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీలో వేసెయ్యండి, ఆ ఫీజు నేను మీకే తగ్గిస్తాను" అన్నాడు. 970 అన్నది 940 అయింది. పంపేశాను.

పార్సిల్ వచ్చిన రోజు ఇంట్లో పండగే. మా వారు కూడా టేబుల్ దగ్గర నిలబడి చూశారు. గాజు అరలో ఓబీ వాన్ పక్కన ఖాళీగా ఉంచిన జాగాలో దాన్ని నిలబెట్టాను. మూడు వారాలు అక్కడే ఉంది. నిజం చెప్పాలంటే రోజూ పొద్దున్న కాఫీ దాని ముందే తాగాను.

తర్వాత ఒక టాయ్ షోకి దాన్ని తీసుకెళ్ళాను, గొప్పగా చూపించుకుందామని. అక్కడ చాలా ఏళ్ళుగా ఈ బొమ్మలే అమ్మే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని ఏమీ అనలేదు. తన పెట్టెలోంచి ఒక బెన్ కెనోబీ (ఓబీ వాన్‌కే ఇంకో పేరు) బొమ్మ తీసి, దాని వినైల్ కేప్ విప్పి, నా జావా కేప్ పక్కన పరిచారు. అదే రంగు, అదే మందం, అదే మెరుపు. తర్వాత భూతద్దం నా చేతికిచ్చి కింది అంచు చూడమన్నారు.

మా అమ్మ రాజమండ్రిలో బ్లౌజులు కుట్టేది. గుడ్డ కత్తిరించేటప్పుడు కత్తెర మూసి మళ్ళీ తెరిచిన చోట అంచు మీద చిన్న నొక్కు పడుతుంది. అమ్మ దాన్ని వేలితో తడిమి కనిపెట్టి మళ్ళీ సరిచేసేది. ఆ కేప్ కింది అంచు మీద సరిగ్గా అలాంటి నొక్కులు మూడున్నాయి. ఫ్యాక్టరీలో అచ్చుతో ఒక్క దెబ్బకి కోసిన అంచు మీద అవి ఉండవు. ఎవరో ఒక అసలైన బెన్ కెనోబీ కేప్ తీసుకుని, కత్తెరతో పొట్టి చేసి, జావాకి తొడిగారు. ఇది పాత మోసమేనట, ఈ బొమ్మకి మొదటి నుంచీ ఉన్నదేనట.

డబ్బు కంటే ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇన్ని దశాబ్దాలు చిరక్కుండా, పోకుండా, ఏ పిల్లాడి చేతిలోనో ఆడి, ఏ అటక మీదో బతికి బయటపడ్డ ఒక అసలు కేప్‌ని కత్తిరించి పారేశారు. నకిలీ తయారు చెయ్యడానికి నిజమైనదాన్ని చంపారు. అది మళ్ళీ పుట్టదు.

ఇంటికొచ్చి జావాతో పాటు వచ్చిన బుల్లి తుపాకీని నీళ్ళ గిన్నెలో వేశాను, పాతవి తేలతాయంటారు కదా అని. రాయిలా మునిగింది. అంటే అదీ కొత్తగా పోసిందే అయ్యుంటుంది. బొమ్మ ఒక్కటే అసలుది, అది గుడ్డ కోటు జావా ధర చేస్తుంది, అంతే.

అతనికి ఫోన్ చేస్తే మొదట "నాకేం తెలుసక్కా, పెట్టెలో ఎలా ఉందో అలాగే ఇచ్చాను" అన్నాడు. డబ్బు వెనక్కిమ్మంటే నంబరు బ్లాక్ చేశాడు. పేపాల్‌ని అడిగాను. ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపిన డబ్బుకి కొనుగోలుదారు రక్షణ వర్తించదు. అది వాళ్ళ నియమం, ముందే రాసి ఉంది. అదే గూడ్స్ అండ్ సర్వీసెస్ కింద పంపి ఉంటే 180 రోజుల్లోపు ఫిర్యాదు పెట్టుకునే వీలుండేది. నాకు మూడు వారాలకే తెలిసింది, అయినా లాభం లేకపోయింది. అతను తగ్గించిన ఆ 30 డాలర్లు నా దారి మూసెయ్యడానికే అని ఇప్పుడు అర్థమైంది.

ఇప్పుడు మీరు చూసుకోవాల్సినవి. ముద్ర చూసి మోసపోకండి. 1977 అనేది ఆ బొమ్మ రూపానికి హక్కు నమోదైన సంవత్సరమే గానీ తయారైన సంవత్సరం కాదు. అదే ముద్రతో ఆ బొమ్మలు ఏళ్ళ తరబడి వచ్చాయి. పైగా ఈ మోసంలో బొమ్మ అసలుదే, ముద్రా అసలుదే. కేప్ గురించి ముద్ర ఏమీ చెప్పదు. కేప్ చూడాలి. అంచులన్నీ, చేతుల కన్నాల అంచులతో సహా, భూతద్దం కింద చూడాలి, పక్కన తెలిసిన అసలుదొకటి పెట్టుకుని చూడాలి. మీ దగ్గర లేకపోతే ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. సిన్సినాటి చుట్టుపక్కల వాళ్ళయితే నన్నడగండి, నా బెన్ కెనోబీని తీసుకుని నేనే వస్తాను.

నీళ్ళ పరీక్ష గురించి ఒక మాట. పాత కెన్నర్ తుపాకులు తేలతాయి, నకిలీవి మునుగుతాయి అని అందరూ చెబుతారు. మునిగితే అనుమానించండి. తేలినంత మాత్రాన అసలుదనుకోకండి, తేలే నకిలీలూ వచ్చేశాయి. స్టిక్కరున్న బొమ్మని మాత్రం ఎప్పుడూ నీళ్ళలో పెట్టకండి.

అట్ట మీద సీలు వేసి ఉన్న వినైల్ కేప్ జావా అని ఎవరైనా అంటే అట్ట వెనక్కి తిప్పి చూడండి. ఇవి వెనక 12 బొమ్మల చిత్రాలున్న మొదటి అట్టల మీదే వచ్చాయి. 20, 21 బొమ్మలున్న అట్ట మీద వినైల్ కేప్ కనిపిస్తే బొమ్మ మీది ప్లాస్టిక్ బుడగ ఊడదీసి మళ్ళీ అంటించారనే అర్థం.

కథల మాటకొస్తే, "చిన్నప్పుడు నాకు పోస్టులో వచ్చింది, రాకెట్ ఎగిరేది" అని బోబా ఫెట్ (ఆ సినిమాల్లో శిరస్త్రాణం పెట్టుకున్న వేటగాడు) బొమ్మ అమ్మేవాళ్ళు కూడా ఉంటారు. 1979లో బొమ్మల అట్టల మీంచి కత్తిరించిన నాలుగు కొనుగోలు ముద్రలు పంపితే బోబా ఫెట్ ఇస్తామని కెన్నర్ ప్రకటించిన మాట నిజం, దాని వీపు మీద రాకెట్ ఎగిరేలా చేద్దామనుకున్నదీ నిజం. కానీ పిల్లల గొంతులో అడ్డం పడుతుందన్న భయంతో ఆ ఏర్పాటు తీసేసి, రాకెట్‌ని అంటించేసి పంపారు. ఎగిరే రాకెట్ ఉన్నవి నమూనాలే, పిల్లలెవరికీ పోస్టులో రాలేదు. చెప్పేవాళ్ళు కొందరు నిజంగా అలాగే గుర్తుందనుకుంటారు, అది వేరే సంగతి. మీరు కొనేది జ్ఞాపకాన్ని కాదు, వస్తువుని.

హైదరాబాద్, విశాఖల్లో ఉండి తెప్పించుకునేవాళ్ళకి ఇంకా కష్టం. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. సుంకం కట్టి తెప్పించుకున్నాక నకిలీ అని తేలితే వెనక్కి పంపడం, డబ్బు రాబట్టడం అయ్యే పని కాదు. అమెరికాలో ఉన్న బంధువుల చేత కొనిపిస్తుంటే, విమానం ఎక్కక ముందే ఇక్కడే ఎవరికైనా చూపించమనండి. బంధువుకి ఈ బొమ్మల గురించి తెలియకపోవచ్చు, తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు.

తెలుగతను కదా అని నమ్మినందుకు నన్ను చాలామంది మెత్తగా మందలించారు. పరాయి దేశంలో అక్కా అని పిలిస్తే కరిగిపోతాం, అందులో నాకు సిగ్గేమీ లేదు. కానీ నిజంగా తమ్ముడిలాంటివాడు భూతద్దం పెట్టి చూస్తానంటే తొందరపెట్టడు. రేపు ఇంకొకాయన వస్తున్నాడని అనడు.

ఆ కేప్‌ని నేను అమ్మలేదు, అమ్మను. లోపలి వైపు చెరగని సిరాతో "కత్తిరించినది" అని రాసి విడిగా సంచిలో పెట్టాను, నా తర్వాత ఎవరి చేతికెళ్ళినా మళ్ళీ ఎవరూ మోసపోకుండా.

అసలీ రోజు కూర్చుని రాయడానికి కారణం ఇది. నిన్న డేటన్‌లో ఉండే ఒక చెల్లి నాకు ఫొటోలు పంపి "అక్కా, ఇది మంచిదేనా" అని అడిగింది. డబుల్ టెలిస్కోపింగ్ ల్యూక్ (ఆ సినిమాల హీరో బొమ్మ). అంటే కత్తి చేతిలోంచి బయటికొచ్చాక, దాని లోపలి నుంచి సన్నటి మొన ఇంకోసారి సాగే తొలినాటి ల్యూక్. జావా కంటే ఖరీదైనది. అమ్మేవాడి పేరు వేరు, నంబరు వేరు. పక్కింటి పెద్దాయన, షూ పెట్టె, ఇల్లు ఖాళీ చేస్తున్న పిల్లలు మాత్రం అవే. బొమ్మ కింద పరిచింది అదే ఆకుపచ్చ దుప్పటి, అవే తెల్ల పూలు. ఆ అమ్మాయి ఇంకా డబ్బు పంపలేదు. ఆ దుప్పటి మీది ఫొటోలు మీకెవరికైనా వచ్చి ఉంటే మీరూ ఆగండి, నాకు చెప్పండి.