చర్చ్ స్ట్రీట్ మేడమీద పాల్ ఆస్టర్ సంతకాలు

బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఒక మేడమీద రెండు గదులలో నడిచే పాత పుస్తకాల అంగడికి మూడేళ్లుగా వెళ్తున్నాను. అక్కడ నేను వెతికేది అమెరికన్ నవలా రచయిత పాల్ ఆస్టర్ సంతకం ఉన్న పేపర్‌బ్యాక్ నవలలను మాత్రమే. ఒక ఫిర్యాదు కూడా చెప్పవలసి ఉంది కాబట్టి అంగడి పేరు రాయడం లేదు.

గట్టి అట్టల మొదటి ముద్రణలను కాదని పేపర్‌బ్యాక్‌లే ఎందుకని మిత్రులు అడుగుతుంటారు. ధర ఒక కారణమే గాని, అసలు కారణం వేరు. వెన్ను మీద మడతలు పడిన పుస్తకాన్ని సంచిలో వేసుకొని సభకు వెళ్లి, వరుసలో నిలబడి సంతకం పెట్టించుకున్న మనిషి దాన్ని చదివే ఉంటాడని నా నమ్మకం. 2024 ఏప్రిల్ 30న ఆస్టర్ బ్రూక్లిన్‌లో మరణించారు. ఇక కొత్త సంతకాలు రావు కనుక ఉన్నవాటి ధర పెరగడం సహజమే. ఈ అంగడిలో మాత్రం అది ఇంకా అందుబాటులోనే ఉంది.

బ్రిటన్‌లో ఆయన నవలలను ప్రచురించినది ఫేబర్ సంస్థ కాబట్టి ఇక్కడి అరల్లో ఎక్కువగా కనిపించేవి ఆ ప్రతులే. అమెరికా పెంగ్విన్ ప్రతులు బహుశా అక్కడి నుంచి తిరిగివచ్చిన సాఫ్ట్‌వేర్ కుటుంబాల సామానుతో వచ్చి, ఇల్లు మారేటప్పుడు తూకానికి పోయి, ఇక్కడికి చేరినవి. గత నెల నాకు రెండు దొరికాయి. 2002 నాటి 'ద బుక్ ఆఫ్ ఇల్యూజన్స్' ఫేబర్ ప్రతి, టైటిల్ పేజీ మీద ఒట్టి సంతకంతో, 1,800 రూపాయలు. 'ద న్యూయార్క్ ట్రిలజీ' పెంగ్విన్ ప్రతి, ఎవరికో పేరు రాసి ఇచ్చినది, 1,200. పేరు రాసి ఉంటే వ్యాపారులు ధర తగ్గిస్తారు. నాకైతే అదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే దొంగ సంతకం చేసేవాడు ముక్కూ ముఖం తెలియని మనిషి పేరును కూడా కల్పించే శ్రమ సాధారణంగా పడడు.

ఇక ఫిర్యాదు. అంగడివారు ప్రతి సంతకానికీ తమ ముద్ర వేసిన ధ్రువపత్రం ఇస్తారు, దాని విలువ ఆ కాగితం విలువే. నిరుడు అలాంటి పత్రంతో కొన్న ఒక ప్రతిని ఇంటికి తెచ్చి భూతద్దంతో చూస్తే, సంతకం గీతలు సన్నని చుక్కలుగా విడిపోయాయి; అది కలంతో పెట్టినది కాదు, పుస్తకంతో పాటు అచ్చయినది. వారం తర్వాత వెనక్కి తీసుకున్నారు గాని డబ్బు ఇవ్వలేదు, అంతే ధరకు వేరే పుస్తకాలు తీసుకోమన్నారు. ముద్రణల తేడా కూడా వారు పట్టించుకోరు. కాపీరైట్ పేజీలోని అంకెల వరుసలో 1 మిగిలి ఉంటే అది ఆ కూర్పు తొలి ముద్రణ అని గుర్తు. అది ఉన్నా లేకున్నా ఇక్కడ ఒకటే ధర. తెలిసినవారికి లాభమే, కొత్తవారు మాత్రం నష్టపోతారు. ధర చీటీని ముందు అట్ట మీద జిగురుతో అంటించడం మరీ అన్యాయం. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి తీయకపోతే అట్ట పైపొర లేచివస్తుంది.

బేరం ఉండదు, కాబట్టి విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల అంగళ్ల బేరాల అలవాట్లు మెట్ల దగ్గరే వదలాలి. పనిచేసే కుర్రవాడిది మదనపల్లె. నా అభిరుచి కనిపెట్టి, ఏదైనా వస్తే "సార్, మీ రైటర్‌ది ఒకటి వచ్చింది, పక్కన పెట్టినాను" అని తనే ఫోన్ చేస్తాడు. ఆదివారం ఆ గదుల్లో నిలబడడానికే చోటుండదు. మంగళ, బుధవారాల్లో ఉదయం వెళ్తే కిటికీ పక్కన వెలుతురులో ప్రతిని వాల్చి, కలం ఒత్తిడి కాగితం మీద పడిందో లేదో తీరిగ్గా చూసుకోవచ్చు. భూతద్దం మాత్రం మీరే తీసుకెళ్లాలి.