సెక్యూరిటీ కొలువు రివ్యూ: డ్యూటీ ఆరొందలు, కూలీ ఆరొందలే

పత్తి ఏరడం అయిపోగానే నారాయణపేట, కోస్గి, తాండూరు దిక్కు నుంచి హైదరాబాద్ బస్సెక్కేవాళ్లకు తొందరగా దొరికే పనుల్లో సెక్యూరిటీ గార్డు కొలువు ఒకటి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, రెండు ఫొటోలు పట్టుకెళ్తే చాలు, ఏజెన్సీవాళ్లు కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో ఓ సైటుకు పంపేస్తారు. గార్డుకు ముందు శిక్షణ ఇవ్వాలని ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద వచ్చిన 2005 చట్టం చెబుతుంది. చాలాచోట్ల ఆ శిక్షణ సెల్యూట్ కొట్టడం దగ్గరే ఆగుతుంది.

జీతం నెలకు 18,000 అన్నారనుకుందాం. బేసిక్ 12,000 అయితే పీఎఫ్ 12 శాతం చొప్పున 1,440, ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐ 0.75 శాతం చొప్పున 135, వృత్తి పన్ను 150 పోతాయి. చేతికి 16,275. మొదటి ఒకటి రెండు నెలలు యూనిఫాం, బూట్ల కోత అదనం. కొందరు యజమాని కట్టాల్సిన పీఎఫ్ వాటాను కూడా ఈ 18,000లోంచే లాగుతారు. చేరేముందే ‘చేతికెంత పడుతుంది’ అని తేల్చుకోవాలి.

డ్యూటీ ఏడు నుంచి ఏడు. వారపు సెలవు లేని సైటైతే నెలకు 360 గంటలు, అంటే చేతికొచ్చేది గంటకు 45 రూపాయలు. అదే ఊళ్లో కూలి 600 అనుకుంటే, తొమ్మిదింటికి చేను చేరి, మధ్యలో గంటసేపు బువ్వకు ఆగి, అయిదింటికి ఇంటిదారి పడితే ఏడు గంటల పని. గంటకు 85 పైనే. తమాషా ఏమిటంటే 18,000ను ముప్పైతో భాగిస్తే డ్యూటీకి పడేదీ ఆరొందలే!

మరెందుకొస్తున్నారు? ఆ 16,275 ఊళ్లో రావాలంటే నెలకు 27 రోజులు కూలి దొరకాలి. నాట్లప్పుడు సరే, ఏప్రిల్, మే నెలల్లో ఎక్కడిది? వరి కోత హార్వెస్టర్ల పాలయ్యాక మగవాళ్ల పని దినాలు ఇంకా తగ్గాయి. అయితే బోరబండలో నలుగురు కలిసి గది తీసుకున్నా అద్దె, తిండి, బస్సు చార్జీలు ఉండనే ఉంటాయి. నాట్లకని పది రోజులు ఊరికెళ్తే ఆరు వేలు కోత. అందుకే వెళ్లరు. నీళ్లు కట్టడం, మందు కొట్టడం కూడా ఇంట్లో ఆడమనిషి నెత్తిన పడతాయి.

అసలు చిక్కు సాయంత్రం ఏడింటికి. తాళాలు లెక్కపెట్టి, రిజిస్టరులో సంతకం పెట్టి, టిఫిన్ డబ్బా సర్దుకున్నాక, మన చోట నిలబడాల్సిన రాత్రి గార్డు, అంటే రిలీవర్ రాడు. సూపర్‌వైజర్ ఫోన్: “అన్నా, ఈ ఒక్క రాత్రి లాగు, డబల్ రాస్తా.” 24 గంటలైపోతాయి. ఆ డబల్ డ్యూటీ మస్టరులో, అంటే హాజరు పట్టీలో ఎక్కిందో లేదో ఫొటో తీసి పెట్టుకోవాలి. దాని డబ్బు చేతికిస్తే జీతం చీటీలో కనబడదు. చట్టం లెక్కన ఎనిమిది గంటలు దాటిన పనికి రెట్టింపు రేటు, అంటే పన్నెండు గంటల డ్యూటీకి పదహారు గంటల జీతం రావాలి. గేటు దగ్గర ఆ లెక్క అడిగితే సైటు మారుతుంది.

కూలిలో లేనిది, ఇక్కడ నిజంగా పనికొచ్చేది ఈఎస్‌ఐ. సనత్‌నగర్ ఆసుపత్రిలో ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుంది. జబ్బు చేస్తే 70 శాతం జీతం 91 రోజుల దాకా ఇస్తారు. కాకపోతే ఆరు నెలల విడతలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి, మధ్యలో ఊరికెళ్లి కూర్చునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఏజెన్సీ మారితే పీఎఫ్ కోసం ఇచ్చిన పాత యూఏఎన్ నంబరే ఇవ్వాలి. కొత్తది తీస్తే సర్వీసు ముక్కలవుతుంది, పింఛనుకు కావాల్సిన పదేళ్లు కలవవు. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పీఎఫ్‌లో ఒకలా ఉంటే క్లెయిమ్ తిరిగొస్తుంది.

పన్నెండు గంటల సైటుకు అయిదుకు రెండు నక్షత్రాలు, అవీ ఈఎస్‌ఐ పుణ్యమే. మూడు షిఫ్టుల సైటు దొరికితే జీతం రెండు వేలు తక్కువైనా వదలొద్దు. 16,000కు రోజుకు ఎనిమిది గంటల చొప్పున 26 రోజులు, నెలకు 208 గంటలంటే కోతలకు ముందు గంటకు 76 పైన. పన్నెండు గంటల సైటులో అది 50 మాత్రమే. యూనిఫాం కొలత ఇవ్వకముందే ఫీల్డాఫీసరును షిఫ్టు ఎన్ని గంటలని అడగండి.