‘ప్రొవోక్’ పాఠం: ఒక ఆన్‌లైన్ ఇంగ్లీషు కోర్సుపై సమీక్ష

తెలుగు మాధ్యమంలో చదువుకున్న నేను, ఉద్యోగంలో ఇంగ్లీషు ఉత్తరాలు రాయవలసి రావడంతో, తెలుగులో బోధించే ఒక ఆన్‌లైన్ ఇంగ్లీషు కోర్సులో చేరాను. రోజుకొక క్రియను తీసుకొని పావుగంట సేపు వివరించడం ఈ కోర్సు పద్ధతి. ఉపాధ్యాయురాలి ఉచ్చారణ స్పష్టంగా ఉంది, యాప్ ఎక్కడా మొరాయించలేదు. అయితే బోధన విలువ తేలేది కష్టమైన మాట దగ్గరే కనుక, ‘ప్రొవోక్’ అనే క్రియపై చెప్పిన పాఠాన్నే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

పాఠం మొదలు చాలా బాగుంది. లాటిన్‌లో ‘వొకారే’ అంటే పిలవడమనీ, ‘ప్రో’ అంటే ముందుకు అనీ ఆమె చెప్పినప్పుడు, ఇన్‌వోక్, ఇవోక్, రివోక్ అన్నీ ఒకే ఇంటి మాటలని నాకు మొదటిసారి తెలిసింది. కానీ ఆ వెంటనే తెరపై ‘ప్రొవోక్ అంటే రెచ్చగొట్టు’ అని రాసి, ఆ ఒక్క అర్థాన్నే అన్ని వాక్యాలకూ అంటగట్టడంతో పాఠం దారి తప్పింది.

ఇంగ్లీషులో ఈ క్రియకు కర్మగా మనిషైనా రావచ్చు, ఆ మనిషిలో పుట్టే స్పందనైనా రావచ్చు. ‘డోంట్ ప్రొవోక్ ద డాగ్’ అంటే కుక్కను రెచ్చగొట్టవద్దని అర్థం. ‘ద స్పీచ్ ప్రొవోక్డ్ ఎ డిబేట్’ అంటే మాత్రం ఆ ప్రసంగం చర్చను రేకెత్తించిందనాలి తప్ప, చర్చను రెచ్చగొట్టిందంటే అది తెలుగు అనిపించుకోదు. ప్రాణి ఉన్నచోట రెచ్చగొట్టడం, కవ్వించడం, ఉసిగొల్పడం, స్పందన ఉన్నచోట రేపడం, రేకెత్తించడం, తెప్పించడం అని మన భాష ముందే వేరు చేసి పెట్టింది. ఇంత చక్కని ఆసరా ఉండగా దాన్ని వాడుకోకపోవడం నన్ను నిజంగా బాధించింది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లే తిరుగు ప్రయాణంలోనూ జాగ్రత్త అవసరమే: మనం కోపమూ రేపుతాం, ఆశలూ రేపుతాం, ఇంగ్లీషులో కోపానికి ప్రొవోక్ సరిపోతుంది కాని, ఆశలకు ‘రెయిజ్’ అనే క్రియ వాడతారు. నవ్వు, ఆలోచన వంటివాటికి వాడినా, ప్రొవోక్ ఎక్కువగా కనబడేది నిరసన, విమర్శ, ఆగ్రహం పక్కనే.

‘ప్రొవోక్డ్ హిమ్ ఇంటూ రిజైనింగ్’ (అతణ్ణి రెచ్చగొట్టి రాజీనామా చేయించారు) అనే వాక్యనిర్మాణం, అంటే ‘ఇంటూ’ తరువాత క్రియ చివర ‘ఇంగ్’ చేరడం, పాఠంలో అసలు లేదు.

‘ప్రొవొకేషన్’ అనే నామవాచకానికి ఒక వీధి తగాదా వాక్యం చెప్పి ముగించారు. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో 1961లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ప్రస్తావించి ఉంటే ఆ మాట బరువు తెలిసేది. ‘గ్రేవ్ అండ్ సడన్ ప్రొవొకేషన్’, అంటే హత్యానేరం నుంచి చట్టం మినహాయింపునిచ్చే తీవ్రమైన, ఆకస్మికమైన కవ్వింపు, ఏమిటో అందులో విడమరచి రాసినవారు తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు. కొన్ని పరిస్థితుల్లో మాటలు, సైగలు కూడా ప్రొవొకేషన్ కావచ్చుననీ, ఆవేశం చల్లారేంత వ్యవధి గడిచాక చేసిన హత్యకు ఆ మినహాయింపు వర్తించదనీ ఆ తీర్పు చెప్పింది.

ఇంగ్లీషు ఉచ్చారణ దిద్దుకోవాలనుకునేవారికి ఈ కోర్సును సంతోషంగా సూచిస్తాను. ఉత్తరాలు, నివేదికలు రాయవలసినవారు మాత్రం ప్రతి పాఠం తరువాత ఉదాహరణ వాక్యాలు విరివిగా ఇచ్చే నిఘంటువును తెరిచి, ఆ క్రియ పక్కన ఏ నామవాచకాలు వస్తున్నాయో రాసుకోవాలి. నిర్వాహకులు ఈ పాఠాన్ని సవరించి మళ్లీ చిత్రీకరించాలని కోరుతూ ఉత్తరం రాశాను.